మస్టరు ఆమోదం: హాజరు లెక్క కూలిగా మారే చోట

పనికి ఎవరొచ్చారు, ఎన్ని రోజులు వచ్చారు, ఎంతసేపు చేశారు అని రాసే పట్టీని మన ఊళ్లలో మస్టరు అంటారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర అది టైమ్ కార్డు, ఐటీ కంపెనీలో టైమ్‌షీటు, ఆసుపత్రిలో డ్యూటీ రిజిస్టరు. ఎక్కడైనా నడక ఒకటే. ఒకరు హాజరు రాస్తారు, ఇంకొకరు అది నిజమని సంతకం పెడతారు, ఆ సంతకాన్ని నమ్మి వేరేచోట కూర్చున్న మూడోవాళ్లు డబ్బు వేస్తారు. డబ్బు వేసేవాళ్లు పనిని చూడరు, చూసే వీలూ వాళ్లకు ఉండదు. అందుకే జీతాల విభాగం ఎంత జాగ్రత్తగా లెక్కలు కట్టినా, మధ్యలో ఉన్న ఆమోదం బోలుదైతే ఆ జాగ్రత్తంతా వృథా. పైగా హాజరు మిగతా ఖర్చుల్లాంటిది కాదు. గోదాములో సిమెంటు బస్తాల మీద అనుమానం వస్తే తలుపు తీసి మళ్లీ ఎంచుకోవచ్చు. పోయిన మంగళవారం చెరువు దగ్గర ఎంతమంది మట్టి తవ్వారో ఇవాళ వెళ్లి ఎంచలేం. ఆ రోజు అక్కడున్నవాళ్ల మాటే ఆధారం, లేదా వాళ్లు వదిలిన గుంతే ఆధారం.

దీన్ని పరిశీలించడానికి గ్రామీణ ఉపాధి హామీ పథకం కన్నా మంచి ఉదాహరణ దొరకదు. 2005 చట్టం కింద నడిచిన ఆ పథకంలో కోట్లమంది హాజరు వారం వారం ఆమోదం పొంది కూలిగా మారింది. దొంగ మస్టర్లను ఆపడానికి ఈ ఇరవై ఏళ్లలో వేలిముద్ర నుంచి ఫోటో దాకా, సంతకం నుంచి గ్రామసభ దాకా దాదాపు అన్ని పద్ధతులూ వాడి చూశారు. ఏది పనిచేసింది, ఏది చతికిలపడింది అన్నదానికి రికార్డు మిగిలింది. అందులో పెద్ద భాగం తెలుగు జిల్లాలదే. ఆ రికార్డు చదివితే ఒక సంగతి బయటపడుతుంది. ఆమోదానికి బలం రావాలంటే పైమెట్ల మీద సంతకాలు పెంచుకుంటూ పోవడం దండగ. కళ్లతో చూసినవాడు సంతకం పెట్టాలి, అతని మాటను పోల్చడానికి వేరే చేతిలో పుట్టిన ఇంకో రికార్డు ఉండాలి, పట్టీలో పేరున్న మనిషికి ఆ పట్టీ వినిపించాలి. మిగతావన్నీ వీటికి తోడుగా ఉంటేనే పనికొస్తాయి.

హాజరును మనిషి నోటి నుంచి యంత్రానికి అప్పగించాలన్న ఆలోచన పాతదే. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం ఆబర్న్ పట్టణంలో నగల వ్యాపారి విల్లర్డ్ బండీ 1890లో ఒక టైమ్ రికార్డర్‌కు పేటెంటు పొందాడు. కార్మికుడు తన నంబరున్న తాళంచెవిని యంత్రంలో పెట్టి తిప్పితే వేళ కాగితం మీద అచ్చయ్యేది. ఆ కంపెనీ విలీనాల మీదుగా 1911లో ఏర్పడిన ఒక పెద్ద సంస్థలో కలిసింది, ఆ సంస్థే 1924లో ఐబీఎం అని పేరు మార్చుకుంది. యంత్రంతోపాటే దాని దొంగదారీ వచ్చింది. రాని స్నేహితుడి కార్డు కూడా వచ్చినవాడే కొట్టేయడం అన్నిచోట్లా మామూలైంది. మన దేశంలో 1936 వేతనాల చెల్లింపు చట్టం, 1948 ఫ్యాక్టరీల చట్టం రిజిస్టర్లు ఉంచాలన్నాయి గాని, వాటి ఉద్దేశం వేరు. యజమాని కూలి ఎగ్గొట్టకుండా, ఇష్టం వచ్చినట్టు కోతలు పెట్టకుండా, గంటలు మించి పని చేయించకుండా ఆ రిజిస్టరు కార్మికుడికి సాక్ష్యం. అంటే హాజరు పట్టీకి పుట్టుకతోనే రెండు బాధ్యతలున్నాయి: చేయని పనికి డబ్బు పోకుండా చూడటం, చేసిన పనికి డబ్బు ఆగకుండా చూడటం. నియంత్రణల గురించి మాట్లాడే ఆడిటర్లు మొదటిది ఎప్పుడూ మరవరు. రెండోది తరచూ మరుస్తారు.

ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభించారు. మొదట 200 జిల్లాల్లో, 2008 ఏప్రిల్ నుంచి దేశంలోని గ్రామీణ జిల్లాలన్నిటిలో అమలైంది. ఇంటికి ఏడాదికి 100 రోజుల పని, మస్టరు మూసిన 15 రోజుల్లో కూలి చట్టం ఇచ్చిన హామీ. పాత అలవాటు కొద్దీ చాలా ఊళ్లలో దీన్నీ కరువు పని అనే పిలిచారు. హాజరు డబ్బుగా మారే దారి ఇలా సాగేది. పని అడిగినవాళ్ల పేర్లు, జాబ్‌కార్డు నంబర్లు ముందే అచ్చయిన ఈ-మస్టరు మండల ఆఫీసు కంప్యూటర్ నుంచి పని చోటికి వస్తుంది. పని చోట కూలీలను చూసుకునే మేట్ గాని, ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ గాని రోజూ అందులో హాజరు వేస్తారు. వారం నిండాక టెక్నికల్ అసిస్టెంట్ టేపు పట్టుకొచ్చి తవ్విన గుంత పొడవు, వెడల్పు, లోతు కొలిచి ఎం-బుక్కు అనే కొలతల పుస్తకంలో ఎక్కిస్తాడు. మస్టరు, ఎం-బుక్కు రెండూ మండలానికి చేరి కంప్యూటర్లోకి వెళ్తాయి. వేతన జాబితా తయారవుతుంది, దాని మీద ఎఫ్‌టీఓ అనే నిధుల బదిలీ ఉత్తర్వు పుడుతుంది, దానికి ఇద్దరు అధికారుల డిజిటల్ సంతకాలు పడతాయి, ఆ తరువాత ఖాతాలో డబ్బు పడుతుంది. ఇంత గొలుసులో పనిని కళ్లారా చూసేది మొదటి ఇద్దరే. తక్కినవాళ్లంతా కాగితాన్ని చూసి కాగితాన్ని ఆమోదించేవాళ్లు.

దొంగ హాజరు ఎన్నో వేషాల్లో వస్తుంది. చనిపోయినవాళ్లు, బతుకుతెరువుకు వలసపోయినవాళ్లు, ఎన్నడూ పార పట్టని ఉద్యోగస్థులు మస్టరులో కూలీలవుతారు. నిజంగా వచ్చిన మనిషికే రెండు రోజులు అదనంగా వేసి, ఆ డబ్బు పడ్డాక వాటా అడుగుతారు. ఒకే మనిషి ఒకే రోజు రెండు పనుల మస్టర్లలో కనిపిస్తాడు. అవినీతి మస్టరులోనే ఉంటుందనుకోవడమూ పొరపాటే. పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ఆర్థికవేత్తలు ఒడిశాలో రికార్డుల్లోని చెల్లింపులను కూలీల ఇళ్లకు వెళ్లి పోల్చారు. 2007 మే 1న అక్కడ రోజు కూలి 55 రూపాయల నుంచి 70కి పెరిగింది. రికార్డుల్లో పెరుగుదల పూర్తిగా కనిపించింది, కూలీ చేతికి వచ్చిన మొత్తం మాత్రం పెరగలేదు. నగదు చేతికిచ్చే రోజుల్లో రేటులోంచే కోసుకునే దారి ఉండేది. చెల్లింపు బ్యాంకు, పోస్టాఫీసు ఖాతాలకు మారాక ఆ దారి ఇరుకైంది. ఇక దొంగసొమ్ముకు మిగిలిన పెద్ద తలుపు హాజరు పట్టీయే.

ఈ తలుపుకు పథకం రూపకర్తలు పెట్టిన గడియల్లో అన్నిటికన్నా తెలివైనదానికి చాలినంత గుర్తింపు రాలేదు. కూలిని రోజుల లెక్కన కాక, చేసిన పని కొలత లెక్కన కట్టడమే ఆ గడియ. ఊహకు ఒక లెక్క తీసుకుందాం. పది మంది ఆరు రోజులు చేసిన గుంత కొలత ప్రకారం 12,000 రూపాయల పని. మొత్తం 60 పనిదినాలు, తలకు రోజుకు 200. ఇప్పుడు మేట్ ఇద్దరు బినామీ పేర్లు కలిపాడనుకుందాం. పనిదినాలు 72 అవుతాయి, గుంత మాత్రం అంతే. రోజు కూలి 167 రూపాయల లోపుకు దిగుతుంది. నిజంగా తవ్విన ఒక్కొక్కరు వారానికి 200 రూపాయలు పోగొట్టుకుంటారు, ఆ పది రెండువందలే రెండు వేలై బినామీల ఖాతాల్లో తేలతాయి. దొంగ పేరు సర్కారు సొమ్ము తింటే పక్కవాడికి పట్టకపోవచ్చు. తన కూలి తింటే ఊరుకోడు. ఆంధ్రప్రదేశ్‌లో కూలీలను శ్రమశక్తి సంఘాలుగా కూర్చి, సంఘం మొత్తానికి ఒకే పని, ఒకే కొలత అప్పగించినప్పుడు ఈ గడియ ఇంకా బిగిసింది. పక్కన పార పట్టినవాళ్లెవరో సంఘంలో అందరికీ తెలుసు, జాబితా చదివితే లేనివాడి పేరు వెంటనే చెవిన పడుతుంది.

దీనికి జవాబుగా చెప్పే మాట తెలిసిందే: గుంత కొలతనూ పెంచి రాస్తే? రాస్తారు, రాశారు కూడా. అయితే అప్పుడు మేట్ ఒక్కడి చేతివాటం సరిపోదు, టెక్నికల్ అసిస్టెంట్ కూడా కలవాలి. ఇద్దరు కలిస్తే వాటా ఇద్దరికి పంచాలి, రహస్యం ఇద్దరి దగ్గర ఉంటుంది, గుంత మాత్రం నెల తరువాత కూడా అక్కడే ఉండి టేపుకు దొరుకుతుంది. రెండు రికార్డులూ రెండు వేర్వేరు చేతుల్లో పుట్టడమే ఇక్కడి కీలకం. ఒకే మనిషి మస్టరూ కొలతా రాస్తే, ఒకే అబద్ధం రెండు పుస్తకాల్లో చేరుతుందంతే. ఆఫీసుల్లో కూడా ఇదే వర్తిస్తుంది. సెక్యూరిటీ గార్డుల హాజరును ఏజెన్సీ సూపర్‌వైజరు రాసి, అదే సూపర్‌వైజరు తయారుచేసిన డ్యూటీ చార్టుతో సరిపోలిందని పాస్ చేస్తే, అక్కడ పోల్చింది ఏమీ లేదు. గేటు రిజిస్టరు, లాగిన్ వేళలు, వార్డులో మందులు ఇచ్చిన నమోదులు, లారీ ట్రిప్పు షీట్లు, ఇవన్నీ హాజరు కోసం రాసినవి కావు. అందుకే హాజరును పోల్చడానికి అవి పనికొస్తాయి.

చూసినవాడికీ సంతకం పెట్టేవాడికీ దూరం పెరిగితే ఏమవుతుందో తెలంగాణ అనుభవంలో కొంత కనిపిస్తుంది. 2020 మార్చిలో సమ్మె చేసిన ఏడు వేలకు పైగా ఫీల్డ్ అసిస్టెంట్లను ప్రభుత్వం తొలగించింది, 2022 ఆగస్టులో మళ్లీ తీసుకుంది. మధ్య కాలంలో ఉపాధి పనుల బాధ్యత పంచాయతీ కార్యదర్శుల మీద పడింది. పారిశుద్ధ్యం, నర్సరీ, ఇంటి పన్ను, జనన మరణాల నమోదు అన్నీ మోస్తున్న ఒక్క మనిషి రోజూ పని చోట నిలబడి తలలు ఎంచగలడని ఎవరూ అనుకోరు. అలాంటి చోట సంతకం చూసినందుకు పడదు, పడకపోతే కూలి ఆగుతుంది కాబట్టి పడుతుంది. కార్పొరేట్ ఆఫీసులో శుక్రవారం సాయంత్రం నలభై టైమ్‌షీట్లను ఒక్క క్లిక్కుతో ఆమోదించే మేనేజరుదీ ఇదే పరిస్థితి. అతను మోసగాడని కాదు, అతని ముందున్న తెరలో ఆమోదించడానికి ఒక బటన్ ఉంది, అనుమానించడానికి ఆధారం ఏదీ లేదు. దీనికి విరుగుడుగా ఇంకో మెట్టు పైన ఇంకో ఆమోదం పెడితే మొదటివాడు రెండోవాడు చూస్తాడులే అనుకుంటాడు, రెండోవాడు మొదటివాడు చూసే పంపాడు కదా అనుకుంటాడు. ఎఫ్‌టీఓ మీద రెండు సంతకాలుండటం నిధుల విడుదలకు అవసరమే కావచ్చు. ఆ రెండింటిలో ఏదీ హాజరుకు సాక్ష్యం మాత్రం కాదు.

సాక్ష్యం చెప్పగలిగినవాళ్లకు పట్టీ చూపించాలన్న డిమాండు పథకం కన్నా ముందే పుట్టింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్‌కిరానాలో జరిపిన మొదటి జనసునవాయిలో, అంటే బహిరంగ విచారణలో, మస్టర్లు, బిల్లులు ఊరివాళ్ల ఎదుట చదివారు. అలాంటి కాగితాల కోసం సాగిన పోరాటం సమాచార హక్కు చట్టానికి, ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షనుకు దారితీసింది. గ్రామసభ పనులను సామాజిక తనిఖీ చేయాలని ఆ సెక్షను చెప్పింది. దాన్ని మాటగా వదిలేయకుండా వ్యవస్థగా నిలబెట్టిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. అనంతపురంలో మొదలైన ప్రయత్నాలు 2009లో సామాజిక తనిఖీ, జవాబుదారీతనం, పారదర్శకతల కోసం ఒక ప్రత్యేక సొసైటీ ఏర్పాటుదాకా వెళ్లాయి. కూలీ కుటుంబాల్లో చదువుకున్న యువతకు తర్ఫీదు ఇచ్చి పక్క ఊళ్లకు పంపుతారు. వాళ్లు మస్టరు కాపీలు చేతపట్టుకుని ఇంటింటికీ తిరిగి, ఫలానా వారం నీకు ఆరు రోజులు వేశారు, చేశావా, ఇంత డబ్బు పడిందని ఉంది, అందిందా అని అడుగుతారు. తేలినవి గ్రామసభలో చదువుతారు, తరువాత మండల కేంద్రంలో ప్రజా వేదిక పెడతారు. ఫీల్డ్ అసిస్టెంట్, టెక్నికల్ అసిస్టెంట్, ఎంపీడీఓ, అందరూ మైకు ముందు జవాబు చెప్పుకోవాల్సిన చోటది. పెద్ద కార్పొరేట్ ఆడిట్‌లో కూడా ప్రతి ఉద్యోగినీ కలిసి, నీ పేరు మీద రాసిన గంటలివి, నిజమేనా అని అడిగే అలవాటు అరుదు.

అయినా సామాజిక తనిఖీని సర్వరోగ నివారిణిగా చూపడం సరికాదు. 2006 నుంచి 2010 దాకా ఆంధ్రప్రదేశ్‌లోని 8 జిల్లాల్లో 300 పంచాయతీల తనిఖీ నివేదికలను ఫర్జానా అఫ్రీదీ, వేగార్డ్ ఇవర్సన్ పరిశీలించారు. తనిఖీలు మళ్లీ మళ్లీ జరిగినా బయటపడిన అక్రమాల మొత్తం తగ్గలేదు. అక్రమాలు రూపం మార్చుకున్నాయి. కూలీల హాజరు, కూలి చుట్టూ ఉండేవాటి వాటా తగ్గి, సామగ్రి బిల్లుల చుట్టూ ఉండేవి పెరిగాయి. దీన్ని వైఫల్యంగా చదవొచ్చు. నాకు మాత్రం ఇది మస్టరు విషయంలో సగం విజయంగానే తోస్తుంది. పేరున్న మనిషిని అడగ్గలిగిన చోట దొంగతనం కష్టమైంది, అడగడానికి మనిషే లేని ఇసుక, సిమెంటు బిల్లుల్లోకి అది జరిగిపోయింది. మిగతా సగం వైఫల్యానికి కారణం తనిఖీ తరువాత జరగాల్సింది జరగకపోవడం. స్వాహా అయినట్టు తేలిన సొమ్ములో తిరిగి వసూలైంది కొద్దిగానే. 2005 చట్టంలో 25వ సెక్షను కింద గరిష్ఠ జరిమానా వెయ్యి రూపాయలే ఉండేది. వేలు మింగినవాడికి వెయ్యి జరిమానా అన్నది ఒక ధరే గాని శిక్ష కాదు.

చెల్లింపు కొసన పెట్టిన నియంత్రణ హాజరు కొసన ఎంత మేలు చేస్తుందన్నదానికి కూడా గట్టి ఆధారం తెలుగు నేల మీదే దొరికింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేలిముద్రలతో పనిచేసే స్మార్ట్‌కార్డులను మండలాలవారీగా లాటరీ పద్ధతిలో ప్రవేశపెట్టినప్పుడు కార్తీక్ మురళీధరన్, నీహాస్, సుఖ్‌తంకర్ 157 మండలాల్లో, సుమారు 1.9 కోట్ల జనాభా మీద దాని ఫలితాలను కొలిచారు. అమలు పూర్తిగా జరగకపోయినా కూలి త్వరగా అందింది, సర్కారు ఇచ్చినదానికీ కూలీకి చేరినదానికీ మధ్య కారిపోయే సొమ్ము చెప్పుకోదగ్గంత తగ్గింది, పని దొరకడంలో ఎవరికీ అడ్డు పడలేదు. లేని మనిషికి వేలు ఉండదు కాబట్టి బినామీ పేర్లు మోసుకురావడం కష్టమైంది. కాని ఉన్న మనిషికి లేని రోజులు వేస్తే వేలిముద్ర ఏమీ చేయలేదు. డబ్బు తీసుకున్నది అతనే అని అది చెప్పగలదు, అతను గురువారం పనికి వచ్చాడా అన్నది దానికి తెలియదు.

ఆ లోటు పూడ్చడానికే కేంద్రం 2021 మేలో ఎన్ఎంఎంఎస్ అనే మొబైల్ హాజరు యాప్ తెచ్చింది. పని చోట రోజుకు రెండుసార్లు, స్థలమూ వేళా ముద్రపడేలా కూలీల ఫోటో తీసి ఎక్కించాలి. 20 మంది, అంతకు మించి ఉన్న పనులకు 2022 మే నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప అన్నిటికీ 2023 జనవరి 1 నుంచి అది తప్పనిసరి అయింది. ఆలోచన వినడానికి బాగుంది. ఫోటోలోని మొహాలను మస్టరులోని పేర్లతో ఎవరు పోలుస్తారన్న ప్రశ్న మాత్రం చాలాకాలం జవాబు లేకుండా మిగిలింది. 2025 జులై 8న గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖే రాష్ట్రాలకు రాసిన లేఖలో జరుగుతున్నవన్నీ ఒప్పుకుంది: పనికి సంబంధం లేని ఫోటోలు ఎక్కించడం, ఫోటోకే ఫోటో తీసి పెట్టడం, ఫోటోలో ఉన్నవాళ్ల సంఖ్యకూ మస్టరుకూ పొంతన లేకపోవడం, ఆడవాళ్ల మగవాళ్ల లెక్క కలవకపోవడం, ఒకే మనిషి రెండు మస్టర్లలో ఉండటం, మధ్యాహ్నం ఫోటో అసలే లేకపోవడం. మందుగా పంచాయతీ స్థాయిలో నూటికి నూరు ఫోటోలు, బ్లాకులో 20 శాతం, జిల్లాలో 10 శాతం, రాష్ట్రంలో 5 శాతం చూడమంది. నాలుగు అంతస్తుల్లో ఫోటోలు చూసే ఈ ఏర్పాటులో ఏ అంతస్తులో ఉన్నవాళ్లకూ ఆ మొహాలు తెలియవు, పంచాయతీలో ఉన్నవాళ్లకు తప్ప. ఆ పంచాయతీలోనే ఫోటో పుట్టింది.

ఫోటో పద్ధతిలో ఇంకో చిక్కుంది, అది పనిని ఎరిగినవాళ్లకే కనబడుతుంది. వేసవిలో తెలుగు జిల్లాల కూలీలు తెల్లవారకముందే బయల్దేరి, ఎండ ముదిరేలోపు కొలత పూర్తిచేసుకుని ఇళ్లకు వస్తారు. కూలి కొలతకే కాబట్టి అందులో తప్పేమీ లేదు. రెండో ఫోటో కోసం మాత్రం వాళ్లు ఎండలో ఆగాలి, లేదా మళ్లీ రావాలి. కూలిని కొలత మీద కట్టే వ్యవస్థకు వేళ మీద కాపలా పెట్టడమంటే, డబ్బుకు సంబంధం లేనిదాన్ని పట్టుకుని డబ్బు ఆపడమే. గంటల లెక్కన జీతమిచ్చే చోట వేళను కాయాలి, పని లెక్కన ఇచ్చే చోట పనిని కాయాలి. ఈ తేడా చూడని నియంత్రణ ఎంత ఆధునికమైనా రాని ఫోటోకు కూలి కోస్తుంది, వచ్చిన దొంగ ఫోటోకు కూలి ఇస్తుంది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం, యంత్రం ఇంకా మెరుగుపడితే ఈ చిక్కులన్నీ పోతాయన్నది. వేలిముద్ర మోసాన్ని ఆపకపోతే మొహం గుర్తించే కెమెరా ఆపుతుంది, అది ఆపకపోతే ఇంకోటి వస్తుంది అంటారు. హైదరాబాద్‌లో పారిశుద్ధ్య కార్మికుల హాజరుకు వాడిన నకిలీ వేలిముద్రలు పోలీసు కేసులదాకా వెళ్లాయి, ఆ తరువాత మొహం గుర్తించే హాజరు తెచ్చారు. యంత్రం అనవసరమని చెప్పడం నా ఉద్దేశం కాదు. అది సాక్షిగా బాగానే పనికొస్తుంది, దానికి న్యాయాధికారం ఇస్తేనే చిక్కు. న్యూయార్క్ నగర ప్రభుత్వం తన ఉద్యోగుల దొంగ హాజరు ఆపడానికి 1998లో సిటీటైమ్ అనే వ్యవస్థ తలపెట్టింది. అంచనా సుమారు 6.3 కోట్ల డాలర్లు. 2006లో ఒప్పందం మార్చి, ఖర్చు పెరిగితే భారం నగరం మీద పడేలా చేశారు. ఆ తరువాత గంటల లెక్కన బిల్లులు వేసే కన్సల్టెంట్లు గుంపులుగా చేరారు, వాళ్ల సంఖ్యను సిఫారసు చేసినవాళ్లకే ముడుపులు ముట్టాయి. ఖర్చు 60 కోట్ల డాలర్లు దాటింది. 2010 డిసెంబరులో అరెస్టులు జరిగాయి, 2012లో ప్రధాన కాంట్రాక్టు సంస్థ ఎస్ఏఐసీ 50 కోట్ల డాలర్ల పరిష్కారానికి ఒప్పుకుంది. హాజరు దొంగలను పట్టే యంత్రాన్ని కట్టినవాళ్ల హాజరును ఆమోదించింది ఎవరని అడిగే మనిషి మాత్రం ఏళ్లపాటు లేకపోయాడు.

రెండో అభ్యంతరం వేగం గురించి, అది న్యాయమైనదే. చదివి వినిపించడం, పోల్చడం, అడగడం వీటికి సమయం పడుతుంది, జీతాలు ఆగుతాయి అంటారు. అయితే ప్రతి వారం ప్రతి పేరునూ ఇంటికెళ్లి అడగాలని ఎవరూ అనరు. చెల్లింపుకు ముందు చేయాల్సింది చవకైన పోలిక: పేరు రెండుచోట్ల ఉందా, కొలతకు హాజరుకు పొంతన ఉందా, గత వారాలతో చూస్తే అసాధారణంగా ఏదైనా ఉందా. మనుషుల్ని అడగడం చెల్లింపు తరువాత, లాటరీ తీసి కొన్ని పట్టీల మీద జరగొచ్చు. ఏ పట్టీ తగులుతుందో ముందు తెలియకపోవడమే దాని బలం. ఐదు శాతం పట్టీలనైనా నిజంగా ఊళ్లోకి వెళ్లి అడిగితే, నూరు శాతం ఫోటోలను తెర మీద తిప్పడం కన్నా ఎక్కువ భయం పుడుతుంది. ఆ భయానికి వెనక రికవరీ ఉండాలన్నది పైన చూసిన 300 పంచాయతీల పాఠం.

మూడో అభ్యంతరం, కూలీయే మోసంలో భాగస్వామి అయితే అతన్ని అడిగి ఏం లాభం అన్నది. అదనపు రోజులు వేయించుకుని వాటా పంచుకునే మనిషి నిజం చెప్పడు, నిజమే. అందుకే పట్టీని అతనికి ఒక్కడికే చూపితే చాలదు, అతనితో పాటు పని చేసినవాళ్ల ఎదుట చదవాలి. కొలత కూలిలో వాళ్ల వాటా తగ్గుతుంది కాబట్టి మాట్లాడే కారణం వాళ్లకుంది. గంటల జీతం ఉన్న ఆఫీసులో ఈ కారణం బలహీనం, పక్కవాడి ఓవర్‌టైమ్ నా జేబులోంచి పోదు. అక్కడ విభాగాధిపతి బడ్జెట్ నుంచే ఆ ఓవర్‌టైమ్ ఖర్చు కోస్తే, ఆమోదించేవాడికి చదివే కారణం దొరుకుతుంది. జీతాలన్నీ ఎక్కడో ఉన్న ఉమ్మడి పద్దులోంచి పోయే సంస్థల్లో మేనేజరు సంతకం ఉదారంగా ఉంటుంది.

ఇక చేసిన పనికి డబ్బు ఆగకుండా చూసే బాధ్యత. సిగ్నల్ లేక ఫోటో ఎక్కకపోతే, సర్వరు మొరాయిస్తే, మేట్ ఫోన్ పాడైతే ఆ రోజు మస్టరులో గైర్హాజరు. గైర్హాజరు పడిన కూలీ తాను వచ్చానని రుజువు చేసుకోవాలి. దొంగ హాజరు వల్ల ఖజానాకు పోయేది లెక్కల్లో కనబడుతుంది, దొంగ గైర్హాజరు వల్ల కూలీకి పోయేది ఏ లెక్కలోనూ ఎక్కదు. మస్టరు మూసిన 16వ రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలని నిబంధన ఉంది. 1,500 రూపాయల కూలి నెల రోజులు ఆలస్యమైతే వచ్చేది 22 రూపాయల 50 పైసలు. అది కూడా ఎఫ్‌టీఓ తయారయ్యే దాకా జరిగిన ఆలస్యానికే లెక్కగట్టి, ఆ తరువాతి ఆలస్యాన్ని వదిలేస్తూ వచ్చారు. 2018లో స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు ఆ విభజనను తప్పుపట్టింది. అమెరికా కార్మిక నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. పని జరిగిందని యజమానికి తెలిస్తే, ముందస్తు ఆమోదం లేదన్న సాకుతో ఆ గంటల జీతం ఆపడానికి లేదు. ఆమోదం లేకుండా పని చేసినందుకు మందలించవచ్చు, జీతం మాత్రం ఇవ్వాల్సిందే. హెచ్-1బీ మీద అక్కడున్న తెలుగువాళ్లకు బాగా తెలిసిన బెంచ్ వ్యవహారమూ ఇలాంటిదే. క్లయింటు టైమ్‌షీటు లేదని, ప్రాజెక్టు దొరకలేదని జీతం ఆపడాన్ని 1998 నాటి చట్టం నిషేధించింది, జరిగే చోట జరుగుతూనే ఉన్నా. యంత్రం మూగబోతే ఏం చేయాలన్నదానికి 2021 డిసెంబరు ఒక పాఠం. క్రోనోస్ అనే హాజరు వ్యవస్థ మీద సైబర్ దాడి జరిగి వారాలపాటు ఆగిపోతే, ఆసుపత్రులతో సహా చాలా సంస్థలు అంతకుముందు చెల్లింపు కాలపు గంటల లెక్కనే జీతాలు వేసి తరువాత సరిచేసుకున్నాయి. అలా ముందు చెల్లించి తరువాత సర్దే ఏర్పాటు ముందే రాసిపెట్టుకున్న సంస్థకు నియంత్రణ ఉన్నట్టు, అప్పటికప్పుడు వెతుక్కున్నదానికి లేనట్టు.

దిద్దుబాటు ఎవరి చేతిలో ఉందన్నది నియంత్రణల చర్చలో చివరన వచ్చే చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, మోసానికీ అన్యాయానికీ రెండింటికీ అదే ఇరుకు సందు. ఎన్ఎంఎంఎస్‌లో అసాధారణ పరిస్థితుల్లో ఫోటో ఎక్కకపోతే చేత్తో హాజరు వేయడానికి అనుమతించే అధికారాన్ని జిల్లా ప్రోగ్రాం కోఆర్డినేటరుకు, అంటే జిల్లా స్థాయికి అప్పగించారు. ఒక్క రోజు కూలి పోయిన మనిషి ఊరి నుంచి జిల్లా కేంద్రానికి పోయి రావడానికి అయ్యే ఖర్చు ఆ రోజు కూలిని మించుతుంది, కాబట్టి చాలామంది వదిలేసుకుంటారు. అదే అధికారం మేట్ దగ్గరే ఉంటే దొంగ మస్టర్లకు దారి తెరిచినట్టే. మధ్యేమార్గం సాధ్యమే: దిద్దుబాటు మండలంలోనే జరగాలి, అడిగినవారి పేరు, కారణం, ఒప్పుకున్న అధికారి పేరు మస్టరులోనే కనిపించాలి, పాత గుర్తు చెరగకుండా దాని పక్కనే కొత్తది రావాలి, అలాంటి దిద్దుబాట్లన్నీ తరువాతి గ్రామసభలో తప్పకుండా చదవాలి. 2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో తెచ్చిన కొత్త చట్టం హామీ రోజులను 125కి పెంచింది, బయోమెట్రిక్ గుర్తింపు, వారం వారం వివరాలు బయటపెట్టడం రెండింటికీ చోటిచ్చింది. దిద్దిన హాజరు ఆ వారపు జాబితాలో దిద్దినట్టుగా కనబడుతుందా, లేక మొదటి నుంచీ అలాగే ఉన్నట్టు కనబడుతుందా అన్నది రాష్ట్రాలు రాసుకునే నిబంధనల్లో తేలాల్సిన విషయం.